మూడు కాళ్ళ మీద నిలిచే బొమ్మ

పొయ్యికి రాళ్ళు మూడే ఎందుకు పెడతారో మన ఇళ్ళలో ఎవరూ పాఠంగా చెప్పరు. నాలుగు కాళ్ళ మంచం ఎగుడుదిగుడు నేల మీద ఏదో ఒక కాలు ఎత్తుకుని కిటకిటలాడుతుంది. మూడు రాళ్ళ మీద పెట్టిన కుండ ఊగదు. నేల ఎంత వంకరగా ఉన్నా మూడూ ఒకేసారి ఆనుతాయి. కెమెరా కింద పెట్టే ట్రైపాడ్‌దీ ఇదే లెక్క. పేరు చూసి అది స్టూడియో వాళ్ళ సామాను, మనకెందుకులే అనుకోవద్దు. మన భాషలో అది ముక్కాలి. దాని సంగతి మన అవ్వలకు ఎప్పుడో తెలుసు.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక సుగాలి తండా. నేను బడిలో పాఠాలు చెబుతాను. సెలవు రోజుల్లో ఫొటోలు తీస్తాను. పెళ్ళిళ్ళకు పోను, డబ్బు తీసుకోను. మా పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, ఏ కెమెరా కొనాలి?" నేను ఎదురు అడుగుతాను: "ఎవరి ఫొటో తీస్తావు? ఎక్కడ తీస్తావు? అక్కడ వెలుతురు ఎంత?" ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏ సామాను కావాలో దానంతట అదే తేలుతుంది. దొరకకపోతే ఎంత ఖరీదైన కెమెరా అయినా బీరువాలోనే ఉంటుంది.

నా జవాబు నేను చెబుతాను. నేను తీయాలనుకునేది మా తండాలో పెద్దవాళ్ళను. కారణం చాలా చిన్నది. మా వైపు ఎవరైనా చనిపోతే దండ వేయడానికి ఇంట్లో ఫొటో ఉండదు. ఆధార్ కార్డులో బొమ్మనో, రేషన్ కార్డులో బొమ్మనో స్టూడియోకు తీసుకుపోయి పెద్దది చేయిస్తారు. డెబ్బయ్యేళ్ళు బతికిన మనిషి, పదిమంది పిల్లలను ఎత్తుకుని పెంచిన మనిషి, చివరికి గోడ మీద బెదిరిన కళ్ళతో, మసక బారిన మొహంతో మిగులుతుంది. పుట్టిన మనవళ్ళకు మా అవ్వ ఇలాగే ఉండేదేమో అనిపిస్తుంది. ఆమె అలా ఉండేది కాదు. నవ్వితే తండా అంతా వినపడేది.

ఇంకో సంగతి కూడా ఉంది. మనవాళ్ళ ఫొటోలు అసలు లేవని కాదు. చాలానే ఉన్నాయి, కానీ మన ఇళ్ళలో లేవు. మద్రాసు మ్యూజియం అధికారిగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. అందులో చెంచులున్నారు, యానాదులున్నారు, లంబాడీలున్నారు. మనుషుల తలలు, ముక్కులు కొలిచి అంకెలు రాసుకున్న కాలం అది. ఆ తరం పుస్తకాల్లో బొమ్మ కింద చాలాచోట్ల మనిషి పేరు ఉండదు, తెగ పేరే ఉంటుంది. తర్వాత ఆస్ట్రియా నుంచి వచ్చిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో నల్లమలలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం తెచ్చాడు. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. భద్రంగా ఉన్నందుకు సంతోషమే. కానీ ఆ బొమ్మల్లోని వాళ్ళ మునిమనవళ్ళు లండన్ పోయి చూడలేరు కదా. కెమెరా వెనక నిలబడే పని మనం కూడా నేర్చుకోవాలి అనడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

ఇప్పుడు సామాను సంగతికి వద్దాం.

మన ఇళ్ళలో వెలుతురు తక్కువ. కొట్టంలో అయినా, కాలనీ ఇంట్లో అయినా ఒక తలుపు, ఒక కిటికీ. ఎండాకాలం మధ్యాహ్నం బయట కళ్ళు తెరవలేం, లోపల మొహం కనపడదు. కెమెరాకు వెలుతురు చాలనప్పుడు అది షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి పెడుతుంది. ఆ సేపట్లో మన చెయ్యి వణికితే బొమ్మ చెదురుతుంది. చేతితో పట్టుకుని తీసేటప్పుడు ఒక పాత లెక్క ఉంది: లెన్స్ 50 మిల్లీమీటర్లదైతే షట్టర్ సెకనులో 50వ వంతు కంటే నెమ్మదిగా ఉండకూడదు. 200 మిల్లీమీటర్లదైతే 200వ వంతు. మామూలు కెమెరాల్లో సెన్సర్ చిన్నది కాబట్టి ఇంకొంచెం వేగం ఉంటే మంచిది. కానీ సాయంత్రం మన గడప లోపల ఆ వేగం దొరకదు. 8వ వంతో, 4వ వంతో కావాల్సి వస్తుంది. ఐఎస్ఓ పెంచితే బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. ఫ్లాష్ వేస్తే మొహం సున్నం పూసినట్టు తెల్లబడుతుంది, అవ్వ కళ్ళు మూసేస్తుంది. ముక్కాలి మీద పెట్టి తీస్తే ఈ తిప్పలేవీ లేవు. మనిషి ఒక్క ఊపిరిసేపు కదలకుండా ఉంటే చాలు. అందుకే నేను చెప్పేది, కెమెరా తర్వాత కొనాల్సిన మొదటి వస్తువు ఇంకో లెన్స్ కాదు, ట్రైపాడ్. కెమెరా లేకపోయినా సరే, ఫోను ఉన్నవాళ్ళకు కూడా ఇదే మాట.

ఎంత ఎత్తు ట్రైపాడ్ కొనాలి? అంగట్లో అడిగితే ఎంత ఎత్తు లేస్తే అంత మంచిదంటారు. మనకు కావాల్సింది దానికి తిరగబడి ఉంటుంది. ఒక సంగతి చెబుతాను. సుగ్గికి పోయే కాలం. మా తండాలో సగం ఇళ్ళు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు బయలుదేరుతున్నాయి. ముసలివాళ్ళు, బడి పిల్లలు ఇక్కడే మిగులుతారు. పొయ్యేముందు ఒక కుటుంబం ఫొటో తీసివ్వమన్నారు, కూతురు గుంటూరులో చూసుకోవడానికి. అవ్వను మధ్యలో నిలబెట్టాలని అందరూ లేపబోయారు. ఆమె మా మాటలో కసిరింది, "నన్ను నిలబెట్టొద్దు నాయనా. నేను కూసుంటా. నువ్వే కిందికి రా." ఆమె గడప పక్కన నేల మీదే కూచుంది. నేను ముక్కాలి కాళ్ళు పూర్తిగా వెడల్పు చేసి, కెమెరాను నేల నుంచి రెండడుగుల ఎత్తులో పెట్టాను. అప్పుడు కెమెరా కన్ను, ఆమె కన్ను ఎదురెదురుగా వచ్చాయి. మన పెద్దవాళ్ళు నేల మీద, మంచం మీద, అరుగు మీద కూచునేవాళ్ళు. మనం నిలబడి కిందికి చూసి తీస్తే వాళ్ళు చిన్నబోయినట్టు కనిపిస్తారు. సమానంగా చూస్తే వాళ్ళ నిండుదనం కనిపిస్తుంది. కాబట్టి ట్రైపాడ్ ఎంత పైకి లేస్తుందనే దానికంటే ఎంత కిందికి దిగుతుందో చూడండి. నడిమి గొట్టం పొడుగ్గా ఉంటే అది నేలకు తగిలి కిందికి దిగనివ్వదు. ఆ గొట్టం తీసేయడానికి వీలుండాలి, లేదా పొట్టిగా ఉండాలి.

అంగట్లో కొనేముందు ఇలా పరీక్షించండి. కాళ్ళు మొత్తం సాగదీయండి. పైన అరచేయి పెట్టి మెల్లగా ఒత్తండి. ఏ కాలైనా జారి లోపలికి పోతే ఆ లాక్ పనికిరాదు. పై భాగాన్ని పట్టుకుని కుడి ఎడమలకు తిప్పి చూడండి, కాళ్ళు మెలిక తిరిగితే వద్దు. మీ కెమెరానో ఫోనునో బిగించి, స్క్రీన్ మీద బొమ్మను బాగా పెద్దది చేసి, కాలి మీద వేలితో ఒక్కసారి తట్టండి. బొమ్మ వణికి వెంటనే నిలిచిపోతే మంచిది, చాలాసేపు ఊగుతూ ఉంటే వదిలేయండి. కెమెరా అడుగున ఉండే మర సాధారణంగా పావు అంగుళానిది, దాదాపు అన్ని ట్రైపాడ్‌లకూ సరిపోతుంది. కెమెరాకు బిగించే చిన్న పలక విడిగా దొరుకుతుందా లేదా తప్పకుండా అడగండి. ఆ పలక పోతే ముక్కాలి మొత్తం మూలకు పడుతుంది. ఆర్కా స్విస్ అనే కొలతలో చేసిన పలకలైతే వేరే కంపెనీవి కూడా చాలావరకు సరిపోతాయి. డబ్బా మీద ఎంత బరువు మోస్తుందని రాసి ఉంటుంది. మీ కెమెరా, లెన్స్ కలిపి కిలోన్నర ఉంటే, డబ్బా మీద కనీసం నాలుగైదు కిలోలు అని ఉన్నది చూసుకోండి. గాలికి, ఊపుకు కొంత బలం మిగలాలి.

పైన తల రెండు రకాలు. గుండ్రంగా అన్ని వైపులా తిరిగేది బాల్ హెడ్. ఒక మర బిగిస్తే అంతా నిలుస్తుంది, తొందరగా పని అవుతుంది. పిడి ఉండి, పైకి కిందికి వేరుగా, పక్కలకు వేరుగా తిరిగేది పాన్ హెడ్. వీడియో తీసేవాళ్ళకు, తీజ్ పాటలు రికార్డు చేయాలనుకునేవాళ్ళకు అది మేలు. కాళ్ళకు లాక్‌లు కూడా రెండు రకాలు: క్లిప్‌వి, తిప్పేవి. క్లిప్ బిగిందో లేదో కంటితోనే తెలుస్తుంది. తిప్పేవి సన్నగా ఉంటాయి, కానీ దుమ్ము పోతే గరగరమంటాయి. కాళ్ళు ఎక్కువ ముక్కలుగా ఉంటే మడిచినప్పుడు పొట్టిగా సంచిలో పడుతుంది, కానీ అడుగు ముక్క పుల్లలా సన్నబడి ఊగుతుంది. మూడు ముక్కల కాళ్ళు గట్టివి. కార్బన్ ఫైబర్‌ది తేలిక, ధర మాత్రం చాలా ఎక్కువ. అల్యూమినియంది మూడు నాలుగు వేలలో గట్టిది దొరుకుతుంది. అంటే ఉపాధి పనిలో పది పదిహేను రోజుల కూలి. ఆ కూలి చేసే చేతులు మన ఇంట్లోవే కాబట్టి ఆ లెక్కలోనే ఆలోచించి కొనాలి.

మన సీమ నేల, గాలి కూడా ట్రైపాడ్‌ను పరీక్ష పెడతాయి. నల్లరేగడిలో వాన పడ్డాక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి దిగబడతాయి. ఫొటో తీసే లోపల కెమెరా వంగిపోతుంది. ఒక్కో కాలి కింద ఒక నాపరాయి ముక్క పెడితే ఆగుతుంది. బేతంచెర్ల వైపు ముక్కలకు కొదువ లేదు. ఇంట్లో నాపరాళ్ళ మీద రబ్బరు అడుగు ఉండాలి, ఇనుప మొన ఉంటే జారుతుంది. గుట్టల మీద, వాలు నేల మీద రెండు కాళ్ళు దిగువకు, ఒకటి ఎగువకు పెట్టాలి. ఆషాఢం గాలి సంగతి మీకు తెలుసు. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే మనిషే ఊగుతాడు. అలాంటి చోట ముక్కాలిని పూర్తిగా ఎత్తొద్దు. సంచిని నడుమ కొక్కేనికి తగిలించండి, కానీ అది గాలికి ఊయలలా ఊగకుండా అడుగు నేలను తాకేలా చూడండి. గోడ చాటునో, బండ చాటునో నిలబడండి. మీటను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. లోయ అంచున మాత్రం ఎంత మంచి బొమ్మ వస్తుందన్నా పోవద్దు. పని అయ్యాక కాళ్ళు మడిచే ముందు గుడ్డతో తుడవండి. దుమ్ముతో మడిస్తే ఆ దుమ్మే లోపల ఆకురాయిలా అరగదీస్తుంది. ఎండలో నిలిపిన జీపులో, బస్సు ముందు అద్దం దగ్గర కెమెరాను వదిలిపెట్టొద్దు.

డబ్బు లేనివాళ్ళు ఆగిపోవాల్సిన పని లేదు. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, ఒకవైపు కుట్టి, కొర్రలో, పొడి ఇసుకో ముప్పావు వంతు నింపి, రెండో వైపు కూడా కుట్టేయండి. అరుగు మీద, ట్రాక్టరు ఇంజన్ మీద, బండరాయి మీద ఆ మూట పెట్టి దానిలో కెమెరాను ఒదిగిస్తే ఏ ట్రైపాడూ దానికి సాటి రాదు. అడవిలో పక్షులను తీసేవాళ్ళు కూడా ఇలాంటి మూటలే వాడతారు. ఫోనును ముక్కాలి పీటకు పాత సైకిల్ ట్యూబు ముక్కలతో కట్టేయవచ్చు. చాలా ఫోన్లలో వైరు ఇయర్‌ఫోన్ మీద ఉండే వాల్యూమ్ బటన్ నొక్కితే ఫొటో పడుతుంది, ఫోనును ముట్టుకోనక్కర్లేదు. గట్టి వెదురు కర్ర తలకు ఒక మర బిగిస్తే ఒంటికాలి ఊత అవుతుంది. గుట్టలు ఎక్కేటప్పుడు అదే చేతికర్ర.

కెమెరా కొత్తదే కావాలని లేదు. నాది పెళ్ళిళ్ళ స్టూడియో నడిపే ఒకాయన కొత్తది కొనుక్కుని అమ్మేసిన పాతది. పాతది కొనేటప్పుడు లెన్స్‌లోకి ఒకవైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి గీతలుంటే అది బూజు, వద్దు. తెల్లగోడను ఒక ఫొటో తీసి మచ్చలున్నాయేమో చూడండి. ఎన్నిసార్లు షట్టర్ పడిందో ఆ లెక్క అడగండి. లెన్స్ ఒకటే కొనగలిగితే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 చాలు. ధర తక్కువ, మసక వెలుతురులో కూడా మొహం బాగా పడుతుంది. గాలిదుమారంలో లెన్స్ మార్చొద్దు. రబ్బరు బుడగతో గాలి ఊదండి, నోటితో ఊదొద్దు.

ఒకసారి సామాను కుదిరాక చూసే చూపు మారుతుంది. శ్రావణంలో తీజ్ తొమ్మిది రోజులు మా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పెంచి, రాత్రి దాని చుట్టూ ఆడతారు. ముక్కాలి మీద సెకనులో 8వ వంతు పెట్టి తీస్తే తిరిగే ఫేటియాలు రంగు చక్రాల్లా పడతాయి. మధ్యలో బుట్ట, పక్కన కూచున్న అవ్వలు మాత్రం స్పష్టంగా నిలుస్తారు. మనకు ఆ రాత్రి గుర్తుండేది అలాగే కదా.

కడప జిల్లా లంకమల సంగతి కూడా మన పిల్లలు తెలుసుకోవాలి. కలివికోడిని 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత అది ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, రెడ్డిపల్లి దగ్గర రాత్రి టార్చి వెలుతురులో దాన్ని పట్టి చూపించింది పిట్టలు పట్టడం తెలిసిన ఒక స్థానికుడే. తర్వాతి ఏళ్ళలో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి అడుగుల గుర్తులు చూశారు, మనిషి లేకుండా వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు పాతారు. కెమెరా ఎక్కడ పెట్టాలో చెప్పేది అడవి తెలిసినవాళ్ళే. ఆ తెలివి మన ఇళ్ళలో ఉంది. అయితే అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోవద్దు, రాత్రి దీపాలతో పిట్టల వెంట పడొద్దు. గండికోట లాంటి పురావస్తు శాఖ కాపాడే చోట్ల, బెలుం గుహల్లో ట్రైపాడ్ పెట్టే ముందు అక్కడి సిబ్బందిని అడగండి. మనల్ని అడగకుండా తీసినవాళ్ళ మీద మనకు కోపం ఉంది. మనమూ అడగాలి. వద్దంటే కెమెరా మడిచేయాలి.

ముక్కాలి వల్ల నాకు దక్కిన అన్నిటికంటే పెద్ద లాభం వేరే. ఫొటోలు తీసేవాడు ఏ ఫొటోలోనూ ఉండడు. అన్నేళ్ళ పండుగల బొమ్మల్లో అందరూ ఉంటారు, వాడు తప్ప. ట్రైపాడ్ మీద పది సెకన్ల టైమర్ పెడితే పరిగెత్తి పోయి మా యాడి పక్కన కూచోవచ్చు. నేను పరిగెత్తే తీరు చూసి అందరూ నవ్వుతారు, ఆ నవ్వే బొమ్మలో పడుతుంది. వెనకటి పుస్తకాల్లో తీసేవాళ్ళు ఒకవైపు, మనవాళ్ళు ఒకవైపు. ఇక్కడ అందరం ఒకే వైపు ఉంటాం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. బడికి ఒక అల్యూమినియం ట్రైపాడ్, ఫోను పట్టే ఒక బిగింపు ఉంటే చాలు. ఈ ఏడాది మీ తండాలో, గూడెంలో అరవై దాటిన ప్రతి మనిషినీ పిల్లలతో ఒక్కో ఫొటో తీయించండి. పొద్దున ఎండ ముదరక ముందు, గడప పక్కన, వాళ్ళకు ఇష్టమైన బట్టల్లో, వాళ్ళ కంటి ఎత్తులో. తీసింది ఫోనులోనే ఉంచితే ఆ ఫోనుతో పాటే పోతుంది. పట్నంలో కాగితం మీద వేయించి వాళ్ళ చేతిలోనే పెట్టండి. ఇచ్చే ముందు వెనక వైపు పెన్సిల్‌తో నాలుగు విషయాలు రాయించండి: మనిషి పేరు, ఊరు, తీసిన ఏడు, తీసిన పిల్ల పేరు. తెగ పేరు రాయకపోయినా పరవాలేదు. పేరు మాత్రం ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే రాయించండి.